ఏడాది ప్లాన్ కట్టకుండ్రి, ఒత్తులు ఊడిపోతున్నయి

పేరు రాయను. స్క్రీన్లు డిజైన్ చేసే ఆ సాఫ్ట్‌వేర్ ఏదో మీలో సగం మందికి తెలుసు, మిగతా సగం మంది ఇప్పటికే దానికి పైసలు కట్టి ఉంటరు.

పోయిన నెల ఏడాది ప్లాన్ తీసుకున్న. పదివేలు, మీద 18 శాతం జీఎస్టీ, 11,800. డిస్కౌంట్ చూసి నోరూరింది, ఏం చేస్తం. కొత్త అప్డేట్‌ల లేయర్లకు పేర్లు అదే పెడతదట, డార్క్ మోడ్ రంగులు ఒక్క నొక్కుతోని మారతయట. అబద్ధం ఎందుకు, అవన్నీ వచ్చినయి. తెలుగే పోయింది.

మొన్న రాత్రి పదకొండింటికి "ఇప్పుడే అప్డేట్ చేయండి" అని డబ్బా కనవడితే నొక్కిన. ఎవడన్నా నొక్కమన్నడా? లే. నా వేలు, నా ఖర్మ. పొద్దుగాల నల్గొండ క్లాక్ టవర్ కాడ చాయ్ తాగుకుంట మా బత్తాయి దలాలీ కాకకు నేను డిజైన్ చేస్తున్న యాప్ ఫోన్ల చూపించిన. ఆయన కోసమే ఈ యాప్: రైతు ఎన్ని టన్నులు తెచ్చిండు, తరుగు ఎంత పోయింది, చేతికి ఎంత ముట్టింది. కాక అద్దాలు పెట్టుకొని పచ్చ బటన్ మీద వేలు పెట్టి చదివిండు.

"చెల్... లింపు. గిదేందిరా, నత్తి యాప్ చేసినవా?"

చాయ్ పోసే పిల్లగాడు గూడ నవ్విండు. చెల్‌లింపు, బత్‌తాయి, మొత్‌తం. 42 స్క్రీన్లూ గంతే. పాత వర్షన్‌కు పోదామంటే ఫైలు కొత్త ఫార్మాట్‌కు మారిపోయింది, పాతదాంట్ల తెరుసుకోదు.

ఫాంటేమో సురవరం. గోలకొండ పత్రిక నడిపిన మన పాలమూరు బిడ్డ సురవరం ప్రతాపరెడ్డి పేరు మీద ఉన్నది. ఆయన పేరే కొట్టి చూసిన, ప్‌రతాపరెడ్‌డి అని వచ్చింది. ఫాంటు తప్పు కాదు, బ్రౌజర్‌ల శుద్ధంగ కనవడుతుంది. రెండు హల్లుల నడుమ పొల్లు వస్తే రెండోదాన్ని ఒత్తుగ మార్చే పని సాఫ్ట్‌వేర్ లోపల అక్షరాలు పేర్చే టెక్స్ట్ ఇంజిన్‌ది. అప్డేట్‌ల ఆ ఇంజిన్నే మార్చిన్రు.

గంట ఆగినంక కంపెనీ చాట్‌ల ఒకాయన దొరికిండు. "ఇది నోన్ ఇష్యూ సార్, రిలీజ్ నోట్స్‌లో ఇచ్చాం." తీసి చూసిన. అట్టడుగున ఒక్క లైను: కొన్ని భారతీయ లిపులు సరిగా కనబడకపోవచ్చు. అంటే తెలిసే వదిలిన్రు! ఎప్పుడు బాగైతది? చెప్పలేం. పైసలు వాపస్? ఏడాది ప్లాన్‌కు ఉండదు. గంతవరకు ఓర్చుకున్న. ఆఖరికి ఏమన్నడు?

"అప్పటిదాకా ఇంగ్లీష్ టెక్స్ట్ వాడండి సార్." పక్కన నవ్వు బొమ్మ.

తిప్పర్తి దిక్కు నుంచి ట్రాక్టర్ తోలుకొచ్చే పెద్దమనిషికి తరుగు ఎంతో ఇంగ్లీషుల చూపెట్టాల్నట. ఆ నవ్వు బొమ్మ స్క్రీన్‌షాట్ తీసి దాచుకున్న, కోపం తగ్గినప్పుడల్లా చూస్తున్న. చాట్ బంద్ చేస్తుంటే ఎన్ని స్టార్లు ఇస్తరని గూడ అడిగిన్రు.

2018 ఫిబ్రవరిల ఒక్క "జ్ఞా"కు ఐఫోన్లల్ల యాప్‌లు కూలిపోతే దినాలల్లనే సరిచేసిన్రు. మాది కూలలే గదా, నత్తి వచ్చింది అంతే.

కొనేటోళ్లు ముందుగాల ఉచిత ఖాతాల "స్త్రీ, లక్ష్మి, చెల్లింపు" కొట్టి చూసుకోండ్రి. నెల ప్లానే తీసుకోండ్రి. అప్డేట్ కొట్టే ముందట ఫైలు కాపీ కంప్యూటర్‌ల పెట్టుకోండ్రి. నేను ఇంకో దాంట్ల మళ్ల మొదటి నుంచి కొడుతున్న, 17వ స్క్రీన్ కాడ ఉన్న.