కోఠి గుజరాతీ గల్లీలో కొన్న ట్రాన్సిస్టర్ ప్రయోగాల కిట్

ఐఐటీ జామ్ (ఎమ్మెస్సీ ప్రవేశ పరీక్ష) ఫిజిక్స్ పేపరుకు చదువుతున్న నాకు ట్రాన్సిస్టర్ లెక్కలు పదేపదే తప్పుతుండడంతో, హైదరాబాదు కోఠిలోని గుజరాతీ గల్లీలో 450 రూపాయలకు ఈ కిట్ కొన్నాను. బ్రెడ్‌బోర్డు (టంకం లేకుండా భాగాలను గుచ్చి సర్క్యూట్ కట్టే పలక), ఒక బీసీ547 రకం ట్రాన్సిస్టర్, కొన్ని రెసిస్టర్లు, నాలుగు పెన్సిల్ సెల్లు పట్టే పెట్టె, ఒక చిన్న పుస్తకం ఇందులో ఉన్నాయి. మల్టీమీటర్ విడిగా కొనుక్కోవాలి.

ఆ పుస్తకంలో పెద్ద తప్పే ఉంది. ట్రాన్సిస్టర్ చదునైన ముఖాన్ని మనవైపు తిప్పి, కాళ్ళు కిందికి ఉంచితే, బీసీ547లో ఎడమ నుంచి వరుసగా కలెక్టర్, బేస్, ఎమిటర్ అనే మూడు కాళ్ళు వస్తాయి. బొమ్మలో ఈ వరుస తలకిందులుగా అచ్చయింది. దాన్ని నమ్మి అమర్చినప్పుడు కరెంటు దాదాపు రాలేదు. ఎమిటర్‌లో డోపింగ్ (కావాలని కలిపే మలినాల మోతాదు) కలెక్టర్‌లో కంటే చాలా ఎక్కువ కాబట్టి రెంటినీ తారుమారు చేస్తే గెయిన్, అంటే కరెంటును పెంచే శక్తి, పడిపోతుందని చదివిన మాట నాకు అప్పుడే బోధపడింది. అయినా, కొత్తగా నేర్చుకునేవారికి అమ్మే కిట్‌లో ఇలాంటి తప్పు ఉండకూడదు.

సరిగా అమర్చాక మాత్రం కిట్ తన విలువ చూపించింది. సరఫరా 6 వోల్టులు, కలెక్టర్ వైపు 1 కిలో ఓమ్, బేస్ వైపు 470 కిలో ఓమ్‌లు పెట్టాను. బేస్ కరెంటు సుమారు 11 మైక్రో ఆంపియర్లు, కలెక్టర్ కరెంటు 3.1 మిల్లీ ఆంపియర్లు వచ్చాయి. అంటే బీటా (కలెక్టర్ కరెంటు బేస్ కరెంటుకు ఎన్ని రెట్లో చెప్పే సంఖ్య) దాదాపు 280. తరువాత బేస్ రెసిస్టర్‌ను 100 కిలో ఓమ్‌లకు తగ్గించాను. బేస్ కరెంటును బీటాతో గుణిస్తే దాదాపు 15 మిల్లీ ఆంపియర్లు రావాలి, కానీ 6 వోల్టులతో 1 కిలో ఓమ్ గుండా 6 మిల్లీ ఆంపియర్లకు మించి ప్రవహించడం అసాధ్యం. మీటరు 5.9 దగ్గర ఆగింది, కలెక్టర్-ఎమిటర్ వోల్టేజి 0.1కి దిగింది. సాచురేషన్ అంటే ఇదే: బేస్ కరెంటు ఎంత పెంచినా కలెక్టర్ కరెంటు ఇక పెరగని దశ. నా లెక్కలు తప్పడానికి కారణం కూడా ఇదే: ట్రాన్సిస్టర్ యాక్టివ్ దశలో (బీటా సూత్రం వర్తించే దశలో) ఉందో లేదో చూడకుండానే బీటా సూత్రం వేసేవాణ్ణి.

2024 నుంచి జేఈఈ మెయిన్ సిలబస్‌లో ట్రాన్సిస్టర్ లేదు గనుక ఆ పరీక్ష కోసం మాత్రమే చదివేవారికి ఈ కిట్ అవసరం లేదు. జామ్ రాసేవారు నిస్సందేహంగా కొనవచ్చు. అయితే జామ్ సిలబస్‌లోని రెండు దశల ఆర్‌సీ కపుల్డ్ ఆంప్లిఫయర్‌కు (రెసిస్టర్, కెపాసిటర్‌లతో రెండు ట్రాన్సిస్టర్ దశలను కలిపే సర్క్యూట్‌కు) ఇందులో సామగ్రి చాలదు. మరో బీసీ547, కొన్ని కెపాసిటర్లు అదే గల్లీలో కొద్దిపాటి ఖర్చుతో దొరుకుతాయి, కిట్‌తో పాటే తెచ్చుకోండి.