మళ్ళీ వయొలిన్ పడితే: గురువు దగ్గర పాఠమా, బృందంలో చోటా?

చిన్నప్పుడు ఐదారేళ్ళు వయొలిన్ నేర్చుకుని, ఇంటర్‌లో చేరగానే పెట్టెను అటకెక్కించినవాళ్ళు మన విజయవాడ, గుంటూరుల్లో చాలామందే ఉన్నారు. పిల్లలు పై చదువులకు వెళ్ళి ఇల్లు కాస్త ఖాళీ అయ్యాక ఆ పెట్టె గుర్తొస్తుంది. ఇక అక్కణ్ణుంచి ఒకటే మీమాంస. గురువు దగ్గరికి వెళ్ళి మొట్టమొదటి పాఠాలైన సరళీ స్వరాల నుంచి మళ్ళీ మొదలుపెట్టాలా? లేక దగ్గర్లో ఉన్న భజన మండలిలోనో, అందరూ కలిసి కీర్తనలు పాడే గోష్ఠిగాన బృందంలోనో, చర్చి సంగీత బృందంలోనో చేరిపోవాలా?

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. ముందు బృందంలో చేరండి, పాఠం దాని వెనకే పెట్టుకోండి. చాలామంది దీనికి తలకిందులుగా ఆలోచిస్తారు, "కాస్త చెయ్యి తిరిగాక చేరతాను" అంటారు. అలా అన్నవాళ్ళలో ఎక్కువమంది చేరనే చేరరు.

వయొలిన్ మన సంగీతంలోకి వచ్చి రెండు వందల ఏళ్ళు దాటింది. దాన్ని కర్ణాటక సంగీతంలోకి తెచ్చినవారిగా చెప్పుకునే బాలుస్వామి దీక్షితర్ కాలం నుంచి ఇక్కడ దాని ముఖ్యమైన పని పక్కవాద్యమే. మన విజయవాడలోనే అన్నవరపు రామస్వామి గారు ఎందరో మహా విద్వాంసులకు పక్కవాద్యం వాయించి, 2021లో పద్మశ్రీ అందుకున్నారు. పాడేవాళ్ళ వెంట నడవడం, వాళ్ళు సాగదీస్తే సాగదీయడం, ఆగితే ఆగడం ఈ వాద్యానికి ప్రాణం. ఇన్నేళ్ళ విరామంలో మనం ఎక్కువగా పోగొట్టుకునేది కూడా అదే. వేళ్ళ స్థానాలు చేతికి ఎంతోకొంత గుర్తుంటాయి, నాలుగు రోజులు కూర్చుంటే తొలి పాఠాల రాగం మాయామాళవగౌళ తిరిగొస్తుంది. ఎదుటి గొంతును వింటూ వాయించడం మాత్రం గదిలో తలుపేసుకుని చేసే సాధనతో రాదు. గదిలో తప్పు పోతే ఆగుతాం, మళ్ళీ మొదటి నుంచి ఎత్తుకుంటాం. ఆ ఆగడమే అలవాటైపోతుంది.

బృందంలో తాళం మన కోసం ఆగదు. మా మండలిలో మొదట్లో నేను ఒక స్వరం తప్పగానే కమాను (తీగల మీద లాగే బద్ద) ఎత్తేసేదాన్ని. పక్కన తాళాలు వేసే పిన్నిగారు చెయ్యి ఆపకుండానే, "ఆపకమ్మాయ్, పట్టుకుని వచ్చెయ్" అనేవారు. పల్లవి మళ్ళీ వచ్చేదాకా షడ్జమం, అంటే 'స' మీద కమాను నిలిపి, పల్లవి రాగానే అందులో కలిసిపోవాలి. ఏ పాఠ్యపుస్తకంలోనూ లేని ఈ పద్ధతి ఆవిడ మాటతోనే నాకు పట్టుబడింది.

పైగా అక్కడ వాయించేవి తిరిగి మొదలుపెట్టేవాళ్ళకు అచ్చంగా సరిపోతాయి. త్యాగరాజు దివ్యనామ కీర్తనల్లో చరణాలన్నీ సాధారణంగా ఒకే వరసలో నడుస్తాయి. మొదటి చరణం చేతికి వస్తే మిగతావన్నీ వచ్చినట్టే. గోష్ఠిగానం ఇంకొంచెం కష్టం. కానీ అక్కడ పాడే ఘనరాగ పంచరత్నాలు, అంటే త్యాగరాజు ఐదు పెద్ద కీర్తనలు, ఐదూ ఆదితాళమే, చరణాల్లో ముందు స్వరం పాడి తరువాత సాహిత్యం పాడతారు. అంటే స్వరాలు నోటితోనే మన చెవిన పడతాయి, స్వరం చదవడం వచ్చినవాళ్ళు వెనక వరసలో కూర్చుని పట్టుకోవచ్చు. ఆ ఐదింటిలో నాట, ఆరభి రాగాలవి ముందు పట్టండి. కష్టమైన వరాళి రాగ కీర్తన వచ్చినప్పుడు కమాను ఒళ్ళో పెట్టుకుని విన్నా ఎవరూ ఏమీ అనరు.

మరి గురువు దగ్గర ఏముంది? చెయ్యి సరిదిద్దడం ఉంది. బృందానికి ఉన్న పెద్ద లోపం కూడా ఇక్కడే కనిపిస్తుంది. పదిమంది గొంతెత్తి పాడుతుంటే, హార్మోనియం మోగుతుంటే, మన గాంధారం ('గ' స్వరం) కాస్త దిగినా ఎవరికీ వినపడదు, చివరికి మనకు కూడా. హార్మోనియంలో గమకం, అంటే స్వరాన్ని ఊపి పలికించడం, కుదరదు కాబట్టి దాని పక్కన రోజూ కూర్చుంటే మన గమకాలు కూడా చదునైపోతాయి. కమాను నేరుగా కాక వంకరగా పోతోందని, ఎడమ బొటనవేలు బిగుసుకుపోతోందని చెప్పగలిగేది ఎదురుగా కూర్చున్న గురువు ఒక్కరే. అందుకే పాఠం మానేయమని అనను. వారానికి రెండు పాఠాలు పెట్టుకుని ఒత్తిడి పడేకన్నా, రెండు మూడు వారాలకోసారి వెళ్ళి, బృందంలో ఇబ్బంది పెట్టిన చోటునే చూపించి సరిచేయించుకోవడం మేలు. అప్పుడు గురువుగారికీ ఏం చెప్పాలో తెలుస్తుంది.

సంగీత కళాశాల మూడో దారి. విజయవాడలో ఘంటసాల పేరున ఉన్న ప్రభుత్వ సంగీత నృత్య కళాశాలకు గొప్ప వారసత్వం ఉంది, మంగళంపల్లి బాలమురళీకృష్ణ గారు అక్కడ ప్రిన్సిపాల్‌గా పనిచేశారు. కానీ సర్టిఫికెట్ నాలుగేళ్ళు, ఆపైన డిప్లొమా రెండేళ్ళు, పరీక్షలు, హాజరు. సంగీతాన్ని మళ్ళీ చదువుగా చదవాలనుకునేవాళ్ళకు అంతకు మించినది లేదు. ఉద్యోగం, ఇల్లు చూసుకుంటూ వాయించుకోవాలనుకునేవాళ్ళకు నేను చెప్పను.

ఇక ఏ బృందం? చర్చి సంగీత బృందాలను మనవాళ్ళు ఈ లెక్కలోకి తీసుకోరు, అది అన్యాయం. 1842లో లూథరన్ మిషన్ మొదలైన గుంటూరులో కలిసి పాడే అలవాటు తరతరాలది. తెలుగు క్రైస్తవ కీర్తనల్లో కర్ణాటక రాగాల్లో కూర్చినవి చాలానే ఉన్నాయి, కాబట్టి మన చేతికి అవి కొత్త కావు. ఒక్క తేడా చూసుకోవాలి. మనం తీగల్ని స-ప-స-ప గా పెట్టుకుంటాం. అక్కడ పాశ్చాత్య పద్ధతి నేర్చుకున్నవాళ్ళు జి-డి-ఎ-ఇ అని పెడతారు. కీబోర్డు వాయించే అబ్బాయి ఒక బటన్ నొక్కి శ్రుతి మార్చేస్తాడు, మనకు అంత సులువు కాదు.

లైట్ మ్యూజిక్ ఆర్కెస్ట్రాల మాటకొస్తే, మొదటి ఏడాది అటు వెళ్ళకండి. సినిమా పాటలో వయొలిన్ బిట్ రికార్డులో ఉన్నట్టు ఉన్నదున్నట్టు రావాలి, పెళ్ళిలో రాత్రి పదకొండింటికి టెన్షన్ పడుతూ వాయించాలి. తిరిగి మొదలుపెట్టినవాళ్ళ ఉత్సాహం అక్కడ త్వరగా చచ్చిపోతుంది.

చేరేముందు రెండు విషయాలు అడగండి. ఏ శ్రుతిలో, అంటే 'స'ను ఏ ఎత్తులో పెట్టుకుని పాడతారు? ఆడవాళ్ళు ఎక్కువుంటే ఐదు, ఐదున్నర, మగవాళ్ళయితే ఒకటి, ఒకటిన్నర (హార్మోనియం మెట్ల లెక్కలో). ఇది తెలియకుండా వెళ్ళి, అక్కడ తీగలు బిగించే బిరడాలు తిప్పుతూ కూర్చుంటే మొదటి పాట అయిపోతుంది, పాత తీగ అయితే తెగుతుంది కూడా. రెండోది, వెనక కూర్చుని కొన్నాళ్ళు తక్కువ వాయించినా ఫర్వాలేదా? "రేపటి కార్యక్రమానికి వచ్చేయండి" అని తొందరపెట్టే చోటికన్నా, "వింటూ ఉండండి" అనే చోటు మంచిది.

వాద్యాన్ని మాత్రం ముందు బాగుచేయించండి. మూసి ఉంచిన పెట్టెలో కమాను వెంట్రుకల్ని పురుగు కొట్టేస్తుంది. తీగలన్నీ ఒకేసారి వదులైతే లోపల నిలబెట్టిన చిన్న కర్ర, సౌండ్ పోస్ట్, పడిపోవచ్చు. అది పడిపోయి ఉండగా తీగలు బిగిస్తే పైచెక్క పగలొచ్చు. వయొలిన్‌ను పెట్టెలోంచి తీసి మెల్లగా వంచి చూడండి, లోపల ఏదైనా దొర్లిన చప్పుడైతే బిరడాల మీద చెయ్యి వేయకుండా నేరుగా రిపేరు చేసేవారి దగ్గరికి తీసుకెళ్ళండి.

నేను చెప్పిన వరస ఇద్దరికి మాత్రం వర్తించదు. మెడ, భుజం, మణికట్టు నొప్పి ఉన్నవాళ్ళు ముందు గురువు దగ్గరే చెయ్యి సరిచేసుకోవాలి, ఎందుకంటే బృందంలో రెండు గంటలు ఆపకుండా వాయిస్తే నొప్పి ముదురుతుంది. తొలి అభ్యాసాల తరువాత వచ్చే వర్ణం దాకా ఎప్పుడూ వెళ్ళనివాళ్ళు కూడా కొన్ని నెలలు పాఠం చెప్పించుకుని వెళ్ళడం మంచిది. మిగతా అందరూ ఈ దసరా దాటగానే ఒక బృందాన్ని వెతుక్కోండి. పుష్య బహుళ పంచమి నాటి త్యాగరాజ ఆరాధనకు అప్పటికి మూడు నెలల పైనే ఉంటుంది. నాట రాగ కీర్తన ఒక్కటి వెనక వరసలో కూర్చుని తాళం తప్పకుండా వాయించడానికి ఆ వ్యవధి చాలు.