ఆటోనగర్ షెడ్డులో డిజిటల్ మెగ్గర్: కొన్నేళ్లు వాడాక

విజయవాడ ఆటోనగర్‌లో లారీ బాడీలు కట్టే షెడ్డులో కరెంటు పని నాది. గ్రైండర్లు, డ్రిల్లింగ్ మిషన్లు, వెల్డింగ్ సెట్లు, ఒక కంప్రెసర్. వీటిని చెక్ చేయడానికి కొన్నేళ్లుగా ఒక మామూలు డిజిటల్ మెగ్గర్ వాడుతున్నాను. వైరు నుంచి మిషన్ బాడీకి కరెంటు లీకవుతోందా అని ఇన్సులేషన్‌ని కొలిచే మీటరు అది; అంకె ఎంత ఎక్కువైతే అంత మంచిది. కొనొచ్చా అంటే కొనొచ్చు. కాకపోతే దాని అంకెను ఎంతవరకు నమ్మాలో తెలిసుండాలి.

పాత చేతి మెగ్గర్‌ని నిమిషానికి 160 చుట్ల చొప్పున నిలకడగా తిప్పాలి. ఇందులో ఆ తిప్పలు లేవు. 230, 415 వోల్టుల మిషన్లకు 500 వోల్టుల డీసీ రేంజి పెట్టి బటన్ నొక్కడమే. ఒక మెగా ఓం కంటే తక్కువ చూపిస్తే మిషన్ పక్కన పెట్టేస్తాను. బటన్ వదలగానే కేబుల్లో మిగిలిన ఛార్జిని తనే దింపేస్తుంది, ఇది నాకు బాగా నచ్చింది.

వానాకాలం పొద్దున్నే చూస్తే రీడింగ్ దారుణంగా ఉంటుంది, ఎండెక్కాక అదే మిషన్ బాగానే చూపిస్తుంది. గ్రైండర్లలో అయితే కార్బన్ బ్రష్ పొడి, ఇనుప రజను పేరుకుంటాయి. గాలి కొట్టి మళ్లీ చూస్తే అంకె పైకి లేస్తుంది. అందుకే రిజిస్టర్లో రీడింగ్ పక్కనే ‘తడి’, ‘పొడి’ అని కూడా రాస్తాను.

అసలు చిక్కు ఎర్త్ దగ్గరుంది. ఒక డ్రిల్లింగ్ మిషన్ ప్లగ్ టాప్ విప్పితే పచ్చ వైరులో పోగులన్నీ తెగి ఒకే ఒక్క పోగు స్క్రూని పట్టుకుని ఉంది. అయినా కనెక్షన్ ఉందన్నట్టు మల్టీమీటర్ బజర్ కూసింది. మెగ్గర్‌లోని లో ఓమ్స్ రేంజి (చిన్న రెసిస్టెన్స్‌లు కొలిచేది) కూడా ఓకే అంది. తప్పు మీటరుది కాదు. అంత చిన్న ముక్కలో ఒక్క పోగు పెంచే రెసిస్టెన్స్ ఓంలో వెయ్యో వంతులే. కానీ ఫాల్ట్ కరెంటు వస్తే ఆ పోగు ఫ్యూజులా కాలిపోతుంది, ఆ తర్వాత బాడీకి కరెంటే. కాబట్టి ముందు స్క్రూడ్రైవర్, తర్వాతే మీటరు. కేబుల్ని మెడ దగ్గర వంచుతూ రీడింగ్ చూస్తే లూజు కనెక్షన్లు మాత్రం దొరికిపోతాయి.

“మిషన్ తిరుగుతోంది కదరా, ఇంకేం చూస్తావ్?” అంటాడు మా వెల్డర్ బాబాయ్. ఎర్త్ తెగినా మిషన్ తిరుగుతూనే ఉంటుంది బాబాయ్, బాధంతా అదే అంటాను.

చదరంలో చదరం గుర్తున్న, అంటే డబుల్ ఇన్సులేషన్ ఉన్న గ్రైండర్లకు ఎర్త్ వైరే ఉండదు, వెతక్కండి. స్విచ్ ఆన్‌లో ఉంచి, ప్లగ్ పిన్నులు రెండూ కలిపి, ముందున్న గేర్ మూతకు క్లిప్పు పెట్టి చూడాలి. వీటికి రెండు మెగా ఓంలైనా రావాలి. ఇన్వర్టర్ వెల్డింగ్ సెట్లకు, మోటార్ డ్రైవ్‌లకు కంపెనీ మాన్యువల్ చూడకుండా 500 వోల్టులు కొట్టకండి, లోపలి బోర్డు పోతుంది.

కరెంటు లీకైతే సప్లై ఆపేసే స్విచ్ ఆర్‌సీసీబీ, దాని సంగతి ఈ మీటరుకు పట్టదు. 30 మిల్లీ ఆంపియర్లది 0.3 సెకన్ల లోపు ట్రిప్ అవుతోందో లేదో చూడటానికి వేరే టెస్టర్ కావాలి. ఆర్‌సీసీబీ మీదుండే టెస్ట్ బటన్ లోపలి మెకానిజం పనిచేస్తోందని చెబుతుందే గానీ, మీ ఎర్తింగ్ బాగుందని చెప్పదు.

ఈ మెగ్గర్‌కి లోపాలూ ఉన్నాయి. మొసలి క్లిప్పుల స్ప్రింగులు త్వరగా వదులయ్యాయి. బెజవాడ ఎండలో డిస్‌ప్లే కనిపించదు, చేత్తో నీడ పట్టాల్సిందే. లీడ్లు గట్టిపడి పగుళ్లిచ్చాయి, కొత్తవి వేయించాను. ఇప్పుడు పని మొదలుపెట్టే ముందు లో ఓమ్స్‌లో క్లిప్పులు రెండూ కలిపి సున్నా వస్తోందా, మెగ్గర్ రేంజిలో విడదీస్తే ఫుల్ చూపిస్తోందా అని చూసుకుంటాను. బ్యాటరీలు మాత్రం ఒకటి రెండు సెట్లు దగ్గరుంచుకోండి, 1000 వోల్టుల రేంజి వాటిని తెగ తాగేస్తుంది.