గ్రాఫిక్స్ కార్డు లేని బడ్జెట్ పీసీ: మూడేళ్లు వాడాక

2022 చివర్లో సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో పార్ట్స్ కొని ఇంట్లో బిగించుకున్న పీసీ ఇది. రైజెన్ 5 5600జీ ప్రాసెసర్ (గ్రాఫిక్స్ దీని లోపలే ఉంటుంది), బీ450 మదర్‌బోర్డ్, 8 జీబీ ర్యామ్ స్టిక్కులు రెండు, ఫైళ్లు దాచుకోవడానికి 500 జీబీ ఎన్‌వీఎంఈ ఎస్‌ఎస్‌డీ, 550 వాట్ల బ్రాంజ్ రేటింగ్ ఎస్ఎంపీఎస్ (పీసీకి కరెంటు ఇచ్చే పవర్ సప్లై). మానిటర్ కాకుండా 35 వేల లోపే అయిపోయింది. నా ఆఫీసు పని, తమ్ముడి కోడింగ్, రాత్రిళ్లు గేమ్స్ అన్నీ దీని మీదే నడుస్తున్నాయి.

డబ్బులు తక్కువున్నప్పుడు విడిగా కార్డు కొనొద్దు, గ్రాఫిక్స్ లోపలే ఉన్న మంచి ప్రాసెసర్ మీద పెట్టండి అని గట్టిగా చెప్తాను. మిగిలిన కొద్ది డబ్బుతో జీటీ 730 అనే పాత చిన్న గ్రాఫిక్స్ కార్డు వేసుకోమని ఇప్పటికీ కొన్ని షాపుల్లో అంటారు, 5600జీ లోపలే ఉన్న వేగా 7 గ్రాఫిక్స్ దానికంటే నయం.

అసలు తేడా వచ్చేది ర్యామ్ దగ్గర. ఈ గ్రాఫిక్స్‌కి సొంత మెమరీ ఉండదు, మన ర్యామ్‌నే వాడుకుంటుంది కాబట్టి 16 జీబీ ఒకే స్టిక్‌గా తీసుకుంటే డేటా వెళ్లే దారి సగానికి పడిపోతుంది. కావాలనే ఒక స్టిక్ తీసేసి వాలరెంట్ ఆడి చూశాను, లో సెట్టింగ్స్‌లో కూడా గొడవ మొదలవ్వగానే పట్టిపట్టి నడిచింది, రెండోది పెట్టగానే మళ్లీ హాయిగా ఆడింది. నాలుగు స్లాట్ల బోర్డయితే మామూలుగా రెండు, నాలుగు స్లాట్లలో పెట్టాలి. బయాస్‌లోకి (పీసీ ఆన్ అవుతున్నప్పుడు తెరిచే మదర్‌బోర్డ్ సెట్టింగ్స్) వెళ్లి ఎక్స్ఎంపీ, అంటే ర్యామ్‌ని దాని పూర్తి స్పీడులో నడిపే సెట్టింగ్, ఆన్ చేయడం మాత్రం మరిచిపోకండి, చేయకపోతే 3200 స్పీడుకి డబ్బులు కట్టిన ర్యామ్ 2400 దగ్గరే ఉండిపోవచ్చు.

క్యాబినెట్‌తో ఫ్రీగా ఇచ్చే ఎస్ఎంపీఎస్ జోలికి వెళ్లకండి. మా ఏరియాలో ఎండాకాలం కరెంటు వచ్చిపోతూనే ఉంటుంది, ఓల్టేజీ కూడా నిలకడగా ఉండదు, అయినా ఇన్నాళ్లలో ఒక్క పార్టూ పోలేదంటే ఆ బ్రాంజ్ ఎస్ఎంపీఎస్, చిన్న యూపీఎస్ పుణ్యమే. బాక్సుతో వచ్చిన కూలర్ సరిపోతుంది కానీ రెక్కల మధ్య దుమ్ము చాపలా పేరుకుంటుంది, ఏప్రిల్‌కి ముందు పక్క డోరు తీసి బ్రష్‌తో దులిపితే ఫ్యాన్ మోత తగ్గుతుంది.

లోటు లేకపోలేదు. కొత్త పెద్ద గేమ్స్ దీని వల్ల కాదు, జీటీఏ 5 స్థాయి వరకే. ఇందులో ఎస్‌ఎస్‌డీ లాంటివి కలిసే దారి పీసీఐఈ 3.0, అంటే మూడో తరందే కాబట్టి అంతకంటే వేగమైన జెన్ 4 (నాలుగో తరం) ఎస్‌ఎస్‌డీకి ఎక్కువ పెట్టడం దండగ.

ఇప్పుడు ర్యామ్ రేట్లు మండిపోతున్నాయి, ఇంట్లో పాత డీడీఆర్4 స్టిక్కులుంటే అవి పట్టే ఏఎం4 బోర్డే (ఈ 5600జీ కూర్చునే సాకెట్ ఉన్నది) చూసుకోండి. ప్రాసెసర్ మాత్రం బాక్సుదే తీసుకోండి, మూడేళ్ల కంపెనీ వారంటీ వస్తుంది. ట్రే పీస్‌కి, అంటే బాక్సు లేకుండా విడిగా అమ్మే ప్రాసెసర్‌కి, అది ఉండదు, అమ్మినవాళ్లు ఇచ్చిందే వారంటీ. జీఎస్‌టీ బిల్లులో ఒక్కో పార్టు సీరియల్ నంబరు రాయించుకున్నాకే షాపులోంచి బయటికి రండి.