స్కూల్ డాన్సుకి నేల దాకా గౌనా, మోకాళ్ల దాకా డ్రెస్సా?

ముందు స్కూలు డ్రెస్ కోడ్ తల్లీకూతుళ్లు కలిసి చదవండి. అమ్మ ఒక్కతే చదివి చెబితే అది అమ్మ పెట్టిన రూలైపోతుంది.

ఖర్చు: గౌనుకి బట్ట ఎక్కువ, పైగా అంచు కుదించే కూలి. లైనింగు, పైన నెట్టు ఉంటే ఏ పొరకాపొర విడిగా కుట్టాలి. పొట్టిదానికి చాలాసార్లు ఆ పనే తగలదు.

శ్రమ: గౌను అంచు కొలిచేటప్పుడు ఆ రోజు వేసుకునే చెప్పులే కాళ్లకుండాలి. నేలకి రెండు సెంటీమీటర్లు పైకి ఉంచండి. అసలు చిక్కు హీల్సు విప్పేశాక (విప్పుతారు, అనుమానం అక్కర్లేదు): అంచు కాలికింద పడి నడుము దగ్గర కుట్టు పిగులుతుంది. అందుకే హీలు తక్కువుంటే మేలు.

రిస్కు: పొట్టిది నిలబడితే సరిపోతుంది, కూర్చుంటే పైకి జరుగుతుంది. కొనేముందే కూర్చుని, వంగి, చేతులెత్తి చూడాలి. లోపల షార్ట్స్ వేస్తే సగం గొడవ తీరుతుంది.

ప్రామ్ (హైస్కూలు చివర్లో జరిపే పెద్ద డాన్సు) లాంటి ఫార్మల్ డాన్సుకి గౌను; ఒక్కరోజు కోసమే అయితే అద్దెకు తీసుకోవడమే నయం. జిమ్ హాల్లో మామూలు డాన్సుకి, ఇంకా ఎత్తు పెరుగుతున్న పిల్లకి పొట్టిదే. దాన్ని పెళ్లిళ్లకీ వేసుకోవచ్చు.