వేసవి శిబిరమా, ఏడాది పొడవునా తోడా?

అమెరికాలో వైద్యవృత్తిలో తక్కువగా కనిపించే నల్లజాతి, లాటినో, ఆదివాసీ వర్గాల హైస్కూలు విద్యార్థులను ఆ వైపు నడిపించే మార్గాలలో రెండింటిని పోల్చి చూడాలి. 1988లో స్టాన్‌ఫోర్డ్‌లో మొదలైనటువంటి వేసవి కార్యక్రమంలో, ఎంపికైన కొద్దిమంది ఐదు వారాలు క్యాంపస్‌లోనే ఉండి ఆసుపత్రి పనిని దగ్గరనుంచి చూశారు. బంధువుల్లో ఒక్క డాక్టరైనా లేని పిల్లకు అది ఇచ్చే ధైర్యం చిన్నది కాదు. అయితే తమ్ముళ్లను చూసుకోవలసినవారు, వేసవి సంపాదనతో ఇంటికి ఆసరా అయ్యేవారు అన్ని వారాలు రాలేరు.

రెండో మార్గంలో, దగ్గరి వైద్య కళాశాల విద్యార్థి ఒకరు ఏడాది పొడవునా ఒక్కో విద్యార్థి బాగోగులు కనుక్కుంటారు. అమెరికాలో హైస్కూలు తర్వాత సాధారణంగా నాలుగేళ్ల డిగ్రీ, వైద్య కళాశాలలో ప్రవేశానికి రాసే ఎంక్యాట్ పరీక్ష, ఆపై మరో నాలుగేళ్ల వైద్యవిద్య ఉంటాయి కనుక, కెమిస్ట్రీలో మార్కులు తగ్గి ‘ఇది నా వల్ల కాదు’ అనుకున్న రోజున ఫోనెత్తే మనిషి ఉండడం ఎంతో ముఖ్యం. నిధులు ఒక్కదానికే ఉంటే నేను దీన్నే ఎంచుకుంటాను.