స్టార్ మా ప్రైమ్‌టైమ్: ఒక కంచరపాలెం కేబుల్ ఆపరేటర్ రివ్యూ

విశాఖపట్నం కంచరపాలెంలో ఊర్వశి జంక్షన్ చుట్టుపక్కల ఇళ్ళకు కేబుల్ ఇచ్చేది నేనే. బిల్లు తగ్గాలంటే ఏ ఛానల్ తీసెయ్యాలి, ఏది ఉంచాలి అని అడుగుతూనే ఉంటారు. స్టార్ మా గురించి నా మాట ఇది.

2019 ఫిబ్రవరిలో, కావాల్సిన ఛానల్‌కే డబ్బు కట్టే కొత్త టారిఫ్ వచ్చేదాకా ఛానళ్ళన్నీ గంపగుత్తగా వచ్చేవి. అప్పుడే మొదటిసారి జనం ఒక్కో ఛానల్ ధర చూశారు. అప్పట్లో స్టార్ మా విడిగా 19 రూపాయలు, పైన జీఎస్టీ. ఫారాలు పట్టుకుని ఇల్లిల్లూ తిరిగాను. కూరగాయలు అమ్ముకునే ఒకావిడ లిస్టులో ఒక్కొక్కటీ కొట్టేయించింది. సినిమా ఛానళ్ళు వద్దంది, వార్తలకి ఫ్రీవి చాలంది. స్టార్ మా దగ్గరికి వచ్చేసరికి నా చేతిలో పెన్ను పట్టుకుని ఆపేసింది. "అది తీసీకు బాబూ, వంటలక్క రావాల" అంది. ఆవిడ డబ్బు కట్టింది ఛానల్ మొత్తానికి కాదు, రాత్రి ఏడున్నరకి వచ్చే ఆ అరగంటకి.

ఆ అరగంటే 'కార్తీక దీపం' సీరియల్. అందులో హీరోయిన్ దీపనే జనం వంటలక్క అంటారు. 2017 అక్టోబర్‌లో మొదలైంది. ఒకప్పుడు మా లైన్‌లో జెమినీదే రాజ్యం. ఈ సీరియల్ వచ్చాక సాయంత్రం రిమోట్ ఇటు తిరిగి, ఎనిమిది తర్వాత కూడా ఇక్కడే ఉండిపోయింది. తర్వాతి సీరియల్ ప్రోమో మధ్య బ్రేకుల్లోనే వేస్తారు కాబట్టి దానికి వేరే ప్రచారం అక్కర్లేదు. ఏ ఛానల్‌ని ఎంతమంది చూశారో లెక్కగట్టే బార్క్ రేటింగులు గురువారం వస్తాయి. వాటిని చూసుకునే పది సెకన్ల యాడ్‌కి రేటు మాట్లాడుకుంటారు. కథ కూడా ఒక్క ఛానల్ కోసం చేసింది కాదు. మలయాళంలో ఏషియానెట్‌లో వచ్చిన 'కరుత్తముత్తు' ఇది. స్టార్ వాళ్ళు ఇదే కథని తమిళంలో విజయ్ టీవీకి, మరాఠీలో ప్రవాహ్‌కి కూడా చేయించారు. ఒక కథ ఇన్ని ఛానళ్ళకి అన్నం పెట్టింది.

జనానికి ఆ సీరియల్ మీద ఎంత మోజో నాకు వానాకాలంలో తెలిసేది. క్రికెట్ మధ్యలో ఫైబర్ తెగితే కుర్రాళ్ళు ఫోన్లో చూసుకునేవాళ్ళు, నన్ను పట్టించుకునేవాళ్ళు కాదు. ఏడూ ఇరవైకి తెగితే మాత్రం నిచ్చెన స్తంభానికి ఆనించేలోపే ఫోన్ల మీద ఫోన్లు. పైన ఒక చేత్తో టార్చ్, ఇంకో చేత్తో కనెక్టర్ పట్టుకుని ఉంటే, కింద గుమ్మంలోంచి "ఎంతసేపు బాబూ" అని ముసలమ్మల కేకలు. ఆ టెన్షన్ ఇంకే ప్రోగ్రామ్‌కీ పడలేదు.

అలాంటి సీరియల్‌తో ఛానల్ ఆటలాడింది 2022లోనే. దీపని, ఆమె భర్త డాక్టర్ బాబుని చంపేసి, పిల్లల్ని పెద్దవాళ్ళని చేసి కథ నడిపారు. మా వీధిలో చూసేవాళ్ళు తగ్గిపోయారు. కొన్ని నెలలకే ఆ ఇద్దర్నీ బతికించి తెచ్చారు. కొత్తగా వచ్చిన పిల్లలు బాగానే చేశారు, తప్పు వాళ్ళది కాదు. జనం చూసేది దీపగా వేసిన ప్రేమి విశ్వనాథ్ ముఖాన్ని. ఆవిడ కళ్ళనీళ్ళు పెట్టుకుంటే మా ఇంట్లోనూ మాటలు ఆగిపోయేవి.

2023 జనవరి 23న సీరియల్ అయిపోయింది. మర్నాడే అదే ఏడున్నరకి 'బ్రహ్మముడి' వేశారు. ఒక్క రోజు కూడా ఖాళీ ఉంచకపోవడం నాకు నచ్చింది. అలవాటు తప్పితే జనం వేరే ఛానల్ చూసుకుంటారు, మళ్ళీ తిప్పుకోవడం కష్టం. 2024 మార్చిలో పాత జంటతోనే రెండో 'కార్తీక దీపం' ఎనిమిదింటికి తెచ్చారు. చూడ్డానికి బాగుంది. కానీ ఇంత పెద్ద ఛానల్ మళ్ళీ ఆ ఇద్దరి మీదే ఆధారపడటం నాకు భయంగా ఉంది. కొత్త కథలకి, కొత్త రచయితలకి ఒక స్లాట్ ఇవ్వాలి.

ఐదుకి నాలుగు ఇస్తాను. ఇంట్లో రోజూ సీరియల్ చూసే మనిషి ఒక్కరున్నా తీసుకోండి. సినిమాల కోసమైతే వద్దు. ఫోన్లో జియోహాట్‌స్టార్ ఉన్నవాళ్ళకి ఎపిసోడ్లు అందులోనే దొరుకుతాయి. మిగతావాళ్ళు బొకేకి, అంటే ఛానళ్ళ ప్యాకేజీకి, డబ్బు కట్టేముందు విడి ధర ఎంతో మీ ఆపరేటర్ని అడగండి.